అణు విద్యుత్ కేంద్రాల పైపులకు బయటి తుప్పు: అపోహలు – వాస్తవాలు

రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి, పైపుల తనిఖీ వృత్తిలో ఉన్న నన్ను శ్రీకాకుళంలో అడిగే ప్రశ్నలన్నీ రియాక్టర్ గురించే. కానీ కేంద్రానికి వయసు పైబడే కొద్దీ మాకు ఎక్కువ పని పెట్టేది పైపుల వెలుపలి తుప్పు.

అపోహ: అక్కడి పైపులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే కనుక తుప్పు పట్టవు.

వాస్తవం: చల్లబరిచే నీటికీ, అగ్నిమాపక నీటికీ వాడే పైపుల్లో చాలా భాగం కార్బన్ స్టీలు (మామూలు ఉక్కు)వే. స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా సముద్రపు గాలి తెచ్చే క్లోరైడు, తడి, వెల్డింగు అతుకుల్లో మిగిలిన ఒత్తిడి మూడూ తోడైతే సన్నని పగుళ్లు పుడతాయి. తీరంలో కట్టే కేంద్రం కొవ్వాడదైనా, కల్పాక్కంలోదైనా ఈ జాగ్రత్త తప్పదు.

అపోహ: వేడి పైపు మీద తడి నిలవదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఇన్సులేషన్ మీది అల్యూమినియం రేకు అతుకు విడితే వాన నీరు లోపలికి దిగుతుంది; వేడికి ఆవిరైన ప్రతిసారీ ఉప్పు చిక్కబడుతుంది, కేంద్రం ఆగినప్పుడల్లా తడి మళ్లీ చేరుతుంది. సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసే కార్బన్ స్టీలు పైపులకు ఈ బెడద ఉంటుంది. నిలువు పైపు అడుగు భాగంలోనూ, ఆధారాల దగ్గరా రేకు విప్పితే, పైకి చిన్న గోధుమ రంగు మరక తప్ప ఏమీ కనబడని చోట, పిండితే నీళ్లు కారే ఇన్సులేషన్ ఉన్నీ, దాని కింద గోటితో లేచే తుప్పు పెచ్చులూ బయటపడతాయి. తుప్పు తాను తిన్న లోహం కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పైపు లావెక్కినట్టు కనబడుతుంది. పెచ్చులు రాల్చి, అల్ట్రాసోనిక్ పరికరంతో మందం కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. రేకును బయటి నుంచి చూసి ‘బాగుంది’ అని రాసిన నివేదికను నేను తనిఖీగా ఒప్పుకోను.

అపోహ: ఫ్లాంజి (పైపులను బోల్టులతో కలిపే అంచు) దగ్గర తెల్లని పొడి కనబడితే తుడిస్తే చాలు.

వాస్తవం: అది కొన్ని రకాల రియాక్టర్లలో అణు చర్యను అదుపు చేయడానికి చల్లబరిచే నీటిలో కలిపే బోరిక్ ఆమ్లం కావచ్చు. అమెరికాలోని డేవిస్-బెస్ కేంద్రంలో 2002లో బయటపడిన ఘటనలో, లీకైన బోరిక్ ఆమ్లం రియాక్టర్ పాత్ర మూతలోని ఉక్కును పూర్తి మందం మేర తినేసి, అడుగున పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు పొరను మాత్రమే మిగిల్చింది. పైపుల ఫ్లాంజి బోల్టులనూ అది అలాగే తింటుంది. పొడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆ లీకును ఆపాలి.

అపోహ: పాతిన పైపుకు మంచి పూత వేస్తే చాలు.

వాస్తవం: పూతకు చిల్లు పడిన చోటే తుప్పంతా కేంద్రీకృతమవుతుంది. అందుకే కేథోడిక్ రక్షణ (తుప్పును ఆపేందుకు పైపుకు చిన్నపాటి విద్యుత్తు అందించడం) ఇచ్చి, నేలలో ఉంచిన కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి పైపు పొటెన్షియల్ (వోల్టేజీ) మైనస్ 850 మిల్లీవోల్టులు గానీ, అంతకన్నా ఎక్కువ రుణాత్మకంగా గానీ ఉండేలా చూస్తారు. అయినా పైపు నుంచి ఊడి వదులైన పూత కిందికి ఆ విద్యుత్తు సరిగా చేరదు కనుక, రీడింగు బాగున్నా అనుమానం ఉన్న చోట తవ్వి చూడవలసిందే.