విలువలు నేర్పే పని బడికి ఎలా చేరింది

పిల్లలకు మంచిచెడ్డలు నేర్పవలసింది ఇంటివారా, బడివారా అన్న వాదం ఇటీవలిది కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ప్లేటో రాసిన సంభాషణల్లోనే అది వినిపిస్తుంది. ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ తన కొడుకును మేటి రౌతుగా తయారుచేయించాడే గాని తన యోగ్యతను అతనికి అందించలేకపోయాడని ఒక సంభాషణలో సోక్రటీస్ ఎత్తిచూపుతాడు. మరొకదానిలో, సద్వర్తన నేర్పుతానని చెప్పుకున్న గ్రీకు గురువు ప్రోటాగొరస్, మాతృభాష నేర్పిన గురువు ఫలానా అని చూపలేనట్టే సద్వర్తనకూ ఒక్క గురువు ఉండడని, దాది మొదలు అందరూ నేర్పుతూనే ఉంటారని అంటాడు. తర్వాతి కాలం ఈ మాటను తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఐరోపాలో శతాబ్దాల పాటు ఈ పని ఇంటిదీ చర్చిదీ. 19వ శతాబ్దంలో నిర్బంధ విద్య పిల్లల పగటిపూటను బడికి అప్పగించడంతో, ఆ గంటల్లో ఏది మంచో ఎవరు చెప్పాలన్నది ప్రభుత్వాల సమస్య అయింది. ఇక్కడ ఫ్రాన్స్ ఉదంతం నిలిచి చూడదగ్గది. 1882 మార్చి 28 నాటి చట్టం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల నుంచి మతబోధను తప్పించి, పాఠ్యాంశాల వరుసలో మొట్టమొదట నీతి, పౌర బోధనను ఉంచింది. మతబోధ కోరుకునే తల్లిదండ్రుల కోసం ఆదివారం కాక వారంలో మరో రోజు బడికి సెలవిచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో విద్యామంత్రి జూల్ ఫెర్రీ ఉపాధ్యాయులకు లేఖ రాస్తూ, చెప్పబోయే మాటకు ఒక్క తండ్రి అయినా నిజాయితీగా అభ్యంతరపడే వీలుంటే దాన్ని చెప్పవద్దని, లేకుంటే ధైర్యంగా చెప్పమని సూచించాడు. అధికారంలో ఉన్న మంత్రి తన ఉపాధ్యాయులకే ఇలా హద్దు గీయడం చిన్న విషయం కాదు.

అటువంటి హద్దులే తర్వాత అంతర్జాతీయ పత్రాల్లోనూ కనిపిస్తాయి. పిల్లలకు ఎలాంటి విద్య కావాలో ఎంచుకునే తొలి హక్కు తల్లిదండ్రులదని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన, పెంపకంలో ప్రధాన బాధ్యత వారిదేనని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక పేర్కొన్నాయి. డెన్మార్క్‌లో నిర్బంధ లైంగిక విద్యను కొందరు తల్లిదండ్రులు ప్రశ్నించినప్పుడు, 1976లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం, విషయాన్ని నిష్పాక్షికంగా చెప్పినంతవరకు బడికి ఆ అధికారం ఉందని, పిల్లలపై ఒక విశ్వాసాన్ని రుద్దే అధికారం మాత్రం లేదని తీర్పు చెప్పింది.

అయితే ఇవన్నీ బడిలో చెప్పే మాట గురించినవే; ఆ మాట ప్రవర్తనను మారుస్తుందా అన్నది వేరే ప్రశ్న. అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు దాదాపు 11,000 మంది పిల్లల నిజాయితీని పరీక్షించి, 1928–30 మధ్య ఫలితాలు ప్రచురించారు. తప్పొప్పులు తెలిసినంత మాత్రాన ప్రవర్తన మారలేదు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లలే మరోచోట మోసం చేశారు. తరగతి వాతావరణాన్ని బట్టి కూడా తేడా కనిపించింది.