మతం పేరిట ఓటు: 1937 బుందేల్‌ఖండ్ ఉప ఎన్నికలో ఏం జరిగింది?

ఎన్నికలొస్తే చాలు, ఫలానా అభ్యర్థి మతం పేరు చెప్పి ఓట్లడిగాడన్న ఫిర్యాదులు గుప్పుమంటాయి. చర్చ వెంటనే దేశ విభజన దాకా పోతుంది. ముస్లింలకు వేరే ఓటరు జాబితా, వేరే సీట్లు ఇచ్చిన 1909 మింటో-మార్లే సంస్కరణల కథ అందరికీ తెలిసిందే. చూడాల్సింది 1937 జులైలో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) జరిగిన ఒక ఉప ఎన్నిక.

బుందేల్‌ఖండ్ ప్రాంతంలోని ఝాన్సీ, జలౌన్, హమీర్‌పూర్ జిల్లాల ముస్లిం సీటు అది. ఒకే వీధిలో ఇరుగుపొరుగు వాళ్ల పేర్లు వేర్వేరు ఓటరు జాబితాల్లో ఉండేవి. ఈ సీటుకు నిలబడ్డవాడు పక్కింటి హిందువు గడప తొక్కనక్కర్లేదు, అతనికి ఇక్కడ ఓటే లేదు. ఆస్తి, పన్ను, చదువు లెక్కన ఓటు దక్కిన కొద్దిమంది ముస్లింలే ఫలితం తేల్చాలి.

కాంగ్రెస్ తరఫున నిసార్ అహ్మద్ ఖాన్ షేర్వానీ, ముస్లిం లీగ్ తరఫున రఫీయుద్దీన్ అహ్మద్ తలపడ్డారు. కొన్ని నెలల ముందు సాధారణ ఎన్నికల్లో ఆ రాష్ట్రంలోని 64 ముస్లిం సీట్లలో కాంగ్రెస్ తొమ్మిదింటికే పోటీ చేసి అన్నీ పోగొట్టుకుంది. కాంగ్రెస్ నాయకుడు రఫీ అహ్మద్ కిద్వాయ్ కూడా ఓడి, తర్వాత బహ్రాయిచ్ ఉప ఎన్నికలో పోటీ లేకుండా గెలిచారు. బుందేల్‌ఖండ్‌లో అలాంటి సర్దుబాటు కుదరలేదు. పేదరికం, భూమి గురించి మాట్లాడితే ముస్లిం రైతు తమవైపు వస్తాడని నెహ్రూ గట్టిగా నమ్మారు. అప్పటికే ముస్లింలను నేరుగా కాంగ్రెస్ వైపు తిప్పుకునే ముస్లిం జనసంపర్క కార్యక్రమం మొదలుపెట్టారు. లీగ్‌కు అది తన ఇంట్లో చొరబడ్డట్టే అనిపించింది.

పోలింగ్‌కు ముందు జిన్నా పేరిట ఒక ప్రకటన ఉర్దూ పత్రికలో వచ్చింది. అల్లా పేరున, ఖురాన్ పేరున లీగ్ అభ్యర్థికి ఓటేయమని దాని సారాంశం. ఎన్నికల్లోకి దేవుణ్ని లాగడమేమిటని నెహ్రూ బహిరంగంగానే నిలదీశారు. అది తానిచ్చింది కాదని జిన్నా అన్నారు. షేర్వానీ ఓడిపోయారు.

అదే నెలలో ఆ రాష్ట్రంలో మంత్రివర్గం కోసం కాంగ్రెస్, లీగ్‌ల మధ్య సాగిన సంకీర్ణ చర్చలూ విఫలమయ్యాయి. దేశ విభజనకు దారితీసిన తప్పంతా చాలామంది వాటి మీదకు నెడతారు. మంత్రి పదవుల తగువు ఎప్పుడైనా తీర్చుకోవచ్చు. వేరు జాబితా ఉన్నంతకాలం మాత్రం మతం పేరెత్తినవాడు అవతలివాళ్ల ఓట్లు పోతాయని భయపడాల్సిన పని లేదు. అందుకే ఈ ఓటమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

రాజ్యాంగం 325వ అధికరణంతో అందరికీ ఒకే ఓటరు జాబితా తెచ్చింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ మతం పేరిట ఓటడగడాన్ని అవినీతి చర్యగా చూస్తుంది. ఆ నిషేధం అభ్యర్థి మతానికే కాదు, ఓటరు మతానికీ వర్తిస్తుందని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు 4-3 తేడాతో చెప్పింది. ఓటర్లు తమ మతం, కులం కారణంగా పడ్డ అన్యాయాన్ని ఎన్నికల్లో మాట్లాడకుండా ఆపలేమన్నది విభేదించిన ముగ్గురి వాదన. ఇప్పటికీ ఇరుపక్షాలూ పట్టుకుని కొట్లాడుతున్నది ఈ రెండు వాదనలనే.