మధ్యమం గిన్నెలో చెంచాడు నీళ్లు

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో శ్రీరామనవమి పందిట్లో జలతరంగం (నీళ్లు పోసిన గిన్నెల్ని పుల్లలతో కొట్టి వాయించేది) కచేరీ పెడితే, ముందు కూర్చున్న పిల్లలు అడగక మానరు: అన్నీ పింగాణీ గిన్నెలే కదా, ఒక్కోటి ఒక్కోలా మోగుతుందేం?

వెదురు పుల్ల తగలగానే గిన్నె అంచు కోడిగుడ్డులా ఒకవైపు సాగి, వెంటనే రెండోవైపు సాగుతుంది. సెకనుకు కొన్ని వందల సార్లు. గోడ కదిలిన ప్రతిసారీ తనను ఆనుకున్న నీటినీ తోసుకుపోవాలి. బరువు పెరిగేకొద్దీ కదలిక మందగిస్తుంది, స్వరం దిగుతుంది. సీసా మూతి మీద ఊదితే ఇది తలకిందులు. అక్కడ మోగేది లోపలి గాలి, నీళ్లు పోస్తే స్వరం పైకి పోతుంది.

గిన్నె అడుగున గోడ దాదాపు కదలదు. అక్కడ రెండు చెంచాలు పోసినా తేడా తెలియదు. అంచు దగ్గరైతే చుక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే. నీళ్లు స్వరాన్ని దించగలవు గానీ లేపలేవు కాబట్టి, పొడిగా కొట్టినప్పుడు కావలసినదానికంటే కాస్త పైన పలికే గిన్నెనే ఏరుకోవాలి. సాధారణంగా 16 నుంచి 22 గిన్నెలు, అర్ధచంద్రాకారంలో: మంద్రానికి (కింది స్థాయికి) పెద్దవి ఎడమవైపు, తారానికి (పై స్థాయికి) చిన్నవి కుడివైపు. కింద గుడ్డ మడతపెట్టి వేయకపోతే బల్ల కూడా కచేరీ చేస్తుంది. శ్రుతిపెట్టె పెట్టుకుని ముందు షడ్జమ పంచమాలు (స, ప) కుదర్చాలి, తర్వాతే మిగతావి. మొదట చెంచాతో, చివర్లో సిరా ఫిల్లర్‌తో.

శంకరాభరణం రాగం తర్వాత కల్యాణి ఎత్తుకుంటే మధ్యమం (మ) గిన్నెల్లో మాత్రం నీళ్లు తీస్తే చాలు. శుద్ధ మధ్యమం (కింది మ) ప్రతిమధ్యమం (పై మ) కావాలంటే కంపనాలు సుమారు 6 శాతం పెరగాలి. మోహన నుంచి హంసధ్వనికి వెళ్తే ధైవతం (ద) కాకలి నిషాదం (పై ని) కావాలి, అంటే దాదాపు 12 శాతం. అంత దూరం నీళ్లతో లాగడం కంటే గిన్నె మార్చడమే మేలు.

కుళాయి కింద పట్టిన నీళ్లు వెంటనే వాడకూడదు. గోడకు అంటుకున్న గాలి బుడగలు నాదాన్ని తినేస్తాయి. వేలితో తుడిచి, కాసేపు ఆగాలి. అప్పటికీ టంగుమనకుండా టక్కుమంటే కంటికి ఆనని బీట ఉన్నట్టే, ఆ గిన్నె పక్కన పెట్టేయాలి. గోపాల్‌పూర్ వైపునుంచి వచ్చే సముద్రపు గాలి తడిగా ఉంటుంది గనక బరంపురంలో నీళ్లు ఆవిరి కావడం నెమ్మదే. అయినా పెడస్టల్ ఫ్యాను గిన్నెలకేసి తిప్పితే స్వరాలు మెల్లగా పైకి జరుగుతాయి, నిండుగా నీళ్లున్న చిన్న గిన్నెలవి ముందు.

గమకమే, అంటే స్వరాన్ని ఊపడమే, అసలు కష్టం. కొట్టిన వెంటనే పుల్ల కొసతో నీటిని తాకితే స్వరం ఊగుతుంది, కానీ వీణ తీగ లాగినంత సాగదు. తోడి రాగానికి అది చాలదని నా లెక్క. విలంబంలోనూ (నెమ్మది నడకలో) స్వరం నడిమధ్యలో ఆరిపోతుంది. మధ్యమకాల (నడిమి వేగపు) కృతులైతే ఒక గిన్నె మోత ఆరకముందే పుల్ల రెండోదాని మీద ఉంటుంది.