డిస్కులో పట్టేదెంత, తీగలో వచ్చేదెంత?

హైదరాబాద్‌లో సినిమా డిస్కు కొనాలంటే ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లాలో చెప్పడం కష్టం. ఒకప్పుడు కోఠి, అమీర్‌పేట, సికింద్రాబాద్ పేవ్‌మెంట్ల మీద వీసీడీలు, డీవీడీలు కుప్పలుగా పోసి అమ్మేవారు. వాటిలో దొంగ కాపీలే ఎక్కువన్నది కొనేవారికీ తెలుసు, అమ్మేవారికీ తెలుసు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ అసలు వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు తెచ్చి ఆ దొంగ సరుకుతో ధరలోనే పోటీపడింది. 2018లో ఆ సంస్థ ఆస్తులమ్మి అప్పులు తీర్చే దశకు చేరింది. అప్పటికే, 2016లో జియో రాకతో మొబైల్ డేటా కారుచౌక అయింది, అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో అడుగుపెట్టింది, ఆ తరువాత 2020లో తెలుగుకే ప్రత్యేకంగా ఆహా మొదలైంది. థియేటర్లో ఆడిన సినిమా కొన్ని వారాల్లోనే ఇంటి టీవీలోకి వచ్చేస్తున్నప్పుడు డిస్కు ఎవరికి కావాలి?

కావలసినవారు కొందరున్నారు. ఇంట్లో ఒక గదిని హోమ్ థియేటర్‌గా మార్చుకుని, ప్రొజెక్టరు బిగించి, విదేశాల నుంచి, డీవీడీకి తరువాతి తరమైన బ్లూ-రే డిస్కులు తెప్పించుకునే వారు ఈ నగరంలోనూ కనిపిస్తారు. వారిది పాతకాలపు చాదస్తమని తేలిగ్గా కొట్టిపారేయవచ్చు. కానీ ఒక సినిమా మన కంటికి చేరడానికి ఎంత సమాచారం అవసరమో, అందులో ఎంత నిజంగా చేరుతున్నదో లెక్కవేస్తే వారి పట్టుదలకు భౌతికశాస్త్రంలో గట్టి ఆధారమే ఉన్నదని తెలుస్తుంది.

ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగును 24 బిట్లతో, అంటే 24 సున్నాలు, ఒకట్లతో రాస్తే, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు 120 కోట్ల బిట్లు అవుతాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, ఆ లెక్కన మూడు గంటల తెలుగు సినిమా 1.6 టెరాబైట్లకు, అంటే 1,600 గిగాబైట్లకు చేరుతుంది. అంత భారాన్ని ఏ డిస్కూ మోయలేదు, ఏ ఇంటి కనెక్షనూ లాగలేదు. అందుకే డిస్కు మీదనైనా, తీగలోనైనా సినిమాను కుదించాకే పంపుతారు. ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, తరువాతి ఫ్రేముల్లో మారిన భాగాలను మాత్రమే నమోదు చేస్తారు. కన్ను పెద్దగా పట్టించుకోని రంగుల సూక్ష్మభేదాలను వదిలేస్తారు. బ్లూ-రే మీద ఈ కుదించిన చిత్రానికి సెకనుకు 40 మెగాబిట్ల వరకు చోటుంటుంది. సగటున 25 మెగాబిట్లు వాడారనుకుంటే మన మూడు గంటల సినిమాకు సుమారు 34 గిగాబైట్లు సరిపోతాయి. రెండు పొరల బ్లూ-రేలో పట్టేది 50. అదే సినిమా స్ట్రీమింగ్‌లో సెకనుకు 5 మెగాబిట్ల వేగంతో వస్తే మొత్తం 7 గిగాబైట్లకు కాస్త లోపే. బొమ్మ రెండు చోట్లా ‘ఫుల్ హెచ్‌డీ’యే. చుక్కల సంఖ్య ఒకటే అయినా, ఆ చుక్కలను వర్ణించే సమాచారం ఒకచోట మరోచోటికన్నా ఐదు రెట్లు ఎక్కువ.

అరచేతి వెడల్పున్న ప్లాస్టిక్ బిళ్లలో 50 గిగాబైట్లు ఎలా ఇమిడాయన్నది వేరే కథ. సీడీ, డీవీడీ, బ్లూ-రే మూడింటి వ్యాసం 12 సెంటీమీటర్లే, మందం 1.2 మిల్లీమీటర్లే, మూడూ పాలికార్బొనేట్‌తో చేసినవే. దాని లోపల సర్పిలాకారంలో మధ్య నుంచి అంచు వైపు సాగే వరుసలో సూక్ష్మమైన గుంటలుంటాయి. వాటిపై లోహపు పూత అద్దంలా పనిచేస్తుంది. గుంట లోతు లేజర్ తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు. గుంటలో పడి తిరిగి వచ్చే కాంతి, పక్కనున్న చదును నుంచి తిరిగి వచ్చే కాంతికన్నా సగం తరంగం వెనకబడుతుంది కనుక రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, వెలుగు తగ్గుతుంది. గుంట అంటే సున్నా, చదును అంటే ఒకటి అని చాలామంది అనుకుంటారు. నిజానికి గుంట మొదలయ్యే అంచు, ముగిసే అంచు మాత్రమే ‘ఒకటి’ని సూచిస్తాయి, రెండు అంచుల నడుమ దూరం ఎన్ని సున్నాలున్నాయో చెబుతుంది.

ఇక గుంటను ఎంత చిన్నదిగా చేయవచ్చన్నది కాంతి స్వభావమే నిర్ణయిస్తుంది. కాంతిని ఎంత మంచి కటకంతో కేంద్రీకరించినా దాని తరంగదైర్ఘ్యంలో సగానికి మరీ తక్కువైన చుక్కగా మార్చలేము. సీడీ చదివేది 780 నానోమీటర్ల పరారుణ లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు, బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలి ఊదా. కటకం కాంతిని ఎంత వెడల్పు కోణం నుంచి పోగుచేస్తుందో తెలిపే సంఖ్య కూడా డీవీడీలో 0.60 ఉంటే బ్లూ-రేలో 0.85కి పెరిగింది. ఈ రెండు మార్పులూ కలిపి లెక్కవేస్తే కాంతిచుక్క వైశాల్యం ఐదు రెట్లకు పైగా తగ్గుతుంది. ఒక పొర డీవీడీ సామర్థ్యం 4.7 గిగాబైట్లు, బ్లూ-రేది 25 గిగాబైట్లు కావడం ఇంచుమించు ఆ నిష్పత్తికే సరిపోతుంది. మార్కెట్లో సరుకు సామర్థ్యం కాంతి సూత్రానికి ఇంత దగ్గరగా ఉండటం నాకు ముచ్చటగా తోస్తుంది.

అంత చిన్న తరంగదైర్ఘ్యంతో కాంతినిచ్చే, చౌకైన, గది ఉష్ణోగ్రతలో పనిచేసే లేజర్ 1990ల నడిమి దాకా లేదు. జపాన్‌లోని నిచియా సంస్థలో షూజి నకమురా గాలియం నైట్రైడ్ స్ఫటికాలతో ఆ లేజర్‌ను సాధించారు. అదే పదార్థంతో నీలి ఎల్‌ఈడీని సాధ్యం చేసినందుకు ఇసాము అకసకి, హిరోషి అమానోలతో పాటు ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ నీలి ఎల్‌ఈడీ ఆధారంగానే ఇంట్లో వెలుగుతున్న తెల్ల ఎల్‌ఈడీ బల్బూ, 2006లో బజారుకు వచ్చిన బ్లూ-రే ప్లేయరూ ఆ రకంగా దగ్గరి చుట్టాలే.

గీతలు పడిన డిస్కు కూడా ఆడటం వెనుక గణితం ఉంది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ ప్రతిపాదించిన దోషసవరణ పద్ధతిలో అసలు సమాచారానికి కొన్ని అదనపు సంఖ్యలు చేర్చి, వరుసలోని అంశాలను డిస్కు మీద దూరదూరంగా చెల్లాచెదురు చేస్తారు. ఒకచోట గీత పడితే ఒకే వాక్యం మొత్తం పోకుండా, ఎన్నో వాక్యాల్లో ఒక్కో అక్షరం పోతుంది; మిగిలిన అక్షరాల ఆధారంగా ప్లేయరు దాన్ని తిరిగి లెక్కగడుతుంది. సీడీలో వరుస పొడవునా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం పూర్తిగా చెరిగిపోయినా దాన్ని తిరిగి పొందవచ్చు. డిస్కును గుండ్రంగా కాక మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలని చెప్పేది ఇందుకే: అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొద్దిభాగాన్నే చెరుపుతుంది, వరుస వెంట పడిన గీత మాత్రం ఒకేచోట పెద్ద ముక్కను మింగేస్తుంది.

అయితే డిస్కు అన్న పేరే నాణ్యతకు హామీ ఇవ్వదు. మన దగ్గర విరివిగా అమ్ముడైన ‘త్రీ ఇన్ వన్’ డీవీడీలను చూడండి. రెండున్నర గంటల సినిమాలు మూడింటిని 4.7 గిగాబైట్లలో ఇరికిస్తే సెకనుకు దక్కేది 1.4 మెగాబిట్లు. 1993 నాటి వీసీడీ వేగం సరిగ్గా అంతే! పైన డీవీడీ అన్న ముద్ర, లోపల వీసీడీ స్థాయి సమాచారం. అదీ చాలాసార్లు అరిగిన ప్రింటు నుంచి తీసినదే. ఆ డిస్కులతో పోలిస్తే నేటి స్ట్రీమింగ్ నిస్సందేహంగా మేలు, ఈ విషయంలో పాతరోజులను తలచుకుని నిట్టూర్చనవసరం లేదు.

స్ట్రీమింగ్ పనితీరు డిస్కుకు పూర్తిగా భిన్నం. ఒకే సినిమాను ముందుగానే అనేక నాణ్యతల్లో కుదించి, ప్రతి రూపాన్నీ కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి ఉంచుతారు. మన టీవీలోని యాప్ ఒక్కో ముక్క ఎంత వేగంగా వచ్చిందో కొలుచుకుంటూ, తరువాతి ముక్కను ఏ నాణ్యతలో అడగాలో తానే తేల్చుకుంటుంది. సాయంత్రం వేళ కాలనీ మొత్తం ఒకేసారి చూస్తుంటే బొమ్మ కొద్దిసేపు మసకబారి మళ్లీ తేరుకోవడానికి ఇదే కారణం. ఎక్కువమంది చూసే సినిమాల ప్రతులను ఇంటర్నెట్ సేవా సంస్థల ప్రాంగణాల్లోని సర్వర్లలోనే దాచే ఏర్పాటు కూడా ఉంది కనుక, మనం చూసే చిత్రం ప్రతిసారీ సముద్రాలు దాటి రానక్కరలేదు. అయినా ఒక్కో బిట్టు లక్షల ఇళ్లకు వెళ్లాలి, ప్రతి బిట్టుకూ ఖర్చుంది; అందుకే ప్రేక్షకుడు గమనించనంత మేర బిట్లను తగ్గించడమే ఆ ఇంజినీర్ల నిత్యకృత్యం. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన దేశంలోని ప్రధాన వేదికలన్నీ మొబైల్ నెట్‌వర్కుల మీద చిత్రాన్ని 480 వరుసలకు పరిమితం చేశాయి. డిస్కు కొన్నవారి బొమ్మను అలా ఎవరూ తగ్గించలేరు.

ఈ తేడా కంటికి ఆనుతుందా? 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో ఒక్కో చుక్క వెడల్పు 0.63 మిల్లీమీటర్లు. ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని వేరు చేయగలదు కనుక, ఏడడుగులు దాటి కూర్చుంటే చుక్కలు విడివిడిగా కనిపించవు. అందువల్ల చుక్కల సంఖ్య పెంచినా ఆ దూరం నుంచి ప్రయోజనం కొంచెమే. కుదింపు చేసే నష్టం మాత్రం ఎంత దూరం నుంచైనా కొన్ని దృశ్యాల్లో పట్టుబడుతుంది: చీకట్లో దీపం చుట్టూ నెమ్మదిగా తగ్గాల్సిన వెలుగు మెట్లుమెట్లుగా కనిపించడం, వానలోనో దుమ్ములోనో సాగే పోరాటంలో బొమ్మ గళ్లుగా విరగడం. పాత ఫిల్ముల మీద ఉండే సన్నని నలుసులది, అంటే ఫిల్ము పూతలోని రేణువుల (గ్రెయిన్) జాడలది ఇంకో చిక్కు. అవి ఫ్రేము ఫ్రేముకూ యాదృచ్ఛికంగా మారతాయి, యాదృచ్ఛికమైన దాన్ని కుదించడం అసాధ్యం. కాబట్టి బిట్లు చాలనప్పుడు కుదింపు పద్ధతి ముందుగా వాటినే నున్నగా తుడిచేస్తుంది, వాటితో పాటు ముఖాల మీది చర్మపు గరుకుతనమూ పోతుంది. 2018లో వచ్చిన ఏవీ1 అనే కుదింపు పద్ధతి నలుసులను తీసేసి పంపి, టీవీలో కృత్రిమంగా తిరిగి చల్లే ఉపాయాన్ని చేర్చుకుంది. తెలివైన ఉపాయమే గానీ, అవి ఛాయాగ్రాహకుడి ఫిల్ము మీద ఉన్న నలుసులు కావు. ధ్వనిలో తేడా మరింత స్పష్టం: స్ట్రీమింగ్‌లో శబ్దానికి సాధారణంగా సెకనుకు ఒక మెగాబిట్టు కన్నా తక్కువే కేటాయిస్తారు, బ్లూ-రేలో ఏ నష్టమూ లేని శబ్దానికి అనేక మెగాబిట్లు ఇవ్వవచ్చు. ఫోన్లో చూసేవారికి ఇదంతా అనవసరం. మంచి స్పీకర్లున్న గదిలో కూర్చునేవారికి అవసరం.

సొంతదారెవరన్న సంగతి నాణ్యతకన్నా పెద్దదని నా అభిప్రాయం. యాప్‌లో ‘కొను’ అన్న బటను నొక్కినా మనకు దక్కేది చూసే అనుమతే. 2023 చివర్లో సోనీ తన ప్లేస్టేషన్ వేదికలో జనం డబ్బు పెట్టి కొన్న డిస్కవరీ కార్యక్రమాలను తొలగిస్తామని ప్రకటించి, నిరసన వచ్చాక వెనక్కి తగ్గింది. ఇలాంటి అమ్మకాల్లో ‘ఇది అనుమతి మాత్రమే’ అని కొనేవారికి స్పష్టంగా తెలపాలనే చట్టం కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డిస్కుకూ సంకెళ్లున్నాయి, కాకపోతే వేరే రకం: డిస్కుల అమ్మకం కోసం ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టారు, డీవీడీ లెక్కలో మన దేశం ఐదో ప్రాంతం, బ్లూ-రే లెక్కలో ‘సీ’ ప్రాంతం, అమెరికాలో కొన్నది ఇక్కడి ప్లేయరు నిరాకరించవచ్చు. 2016లో వచ్చిన 4కే డిస్కులకు ప్రాంతాల గొడవ లేకపోవడం హైదరాబాదీ కొనుగోలుదారుకు కలిసొచ్చిన విషయం.

డిస్కుకూ ఆయుష్షు ఉంది. పొరలను అతికించిన జిగురు చెడి, గాలి, తేమ లోపలికి చేరితే అల్యూమినియం పూత ఆక్సీకరణం చెంది అద్దం అద్దంలా ఉండదు. 2006 నుంచి 2008 వరకు తయారైన తమ డీవీడీల్లో కొన్ని పాడవుతున్నాయని వార్నర్ సంస్థ 2025లో అంగీకరించింది. డిస్కు బాగున్నా ఆడించే యంత్రం ఉండాలి కదా. శామ్‌సంగ్ 2019లోనే కొత్త బ్లూ-రే ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకుంది, ఎల్‌జీ 2024లో ఆపింది. అద్దె డీవీడీలతో 1998లో మొదలైన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ సేవను మూసేసింది.

మన నగరంలో చాలా ఇళ్లకు ఈ చర్చ మరో దారిలో తాకుతుంది. 2000 తర్వాతి ఏళ్లలో పెళ్లి వీడియోలు ఎక్కువగా డిస్కుల మీదే చేతికి వచ్చాయి. అవి కర్మాగారంలో గుంటలు అచ్చువేసిన డిస్కులు కావు. సేంద్రియ రంగు పొరను లేజర్‌తో మార్చి రాసినవి. ఆ రంగు వేడికి, వెలుతురుకు నెమ్మదిగా మారిపోతుంది, మే నెల ఎండకు కాగే పై అంతస్తు అటక దానికి బొత్తిగా పనికిరాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే లేదు కనుక యూఎస్‌బీతో తగిలించే డ్రైవు ఒకటి కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ లోని కంప్యూటర్ దుకాణాల్లో అడిగి తెచ్చుకుని, డిస్కులోని ఫైళ్లను యథాతథంగా, మళ్లీ కుదించకుండా, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించుకోవాలి. ఒక డ్రైవులో చదవని డిస్కు వేరే కంపెనీ డ్రైవులో చదివిన సందర్భాలు తరచుగా ఉంటాయి, కాబట్టి మొదటి ప్రయత్నంలో రాలేదని దాన్ని పారేయకూడదు. కాపీ అయ్యాక కూడా అసలు డిస్కును పెట్టెలో నిలువుగా నిలబెట్టి, చల్లని పొడి బీరువాలో ఉంచడం మంచిది.