అట్లాంటిక్ దాటినవాళ్ళు నరికిన చెక్కలు

1492లో కొలంబస్ వెళ్ళకముందే ఎవరైనా అట్లాంటిక్ దాటి అమెరికా చేరారా అన్న చర్చ వస్తే, తరచూ వినిపించే పేరు మిస్టరీ హిల్. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని సేలం ఊళ్ళో ఉందా కొండ. దాని మీద రాతి గదులు, గోడలు, అంచు చుట్టూ గాడి చెక్కిన ఓ పెద్ద బండ కనిపిస్తాయి. ఆ బండ మీద బలులిచ్చేవారని ప్రచారం. 1937లో ఆ స్థలాన్ని కొన్న విలియం గుడ్విన్, ఐర్లండ్ నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసులే ఇదంతా కట్టారని గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకానికి తగ్గట్టు కొన్ని రాళ్ళను జరిపించాడు కూడా. ఏ రాయి మొదట ఎక్కడుండేదో తేల్చుకునే వీలు అలా చాలావరకు పోయింది. పురావస్తు స్థలానికి ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

1955లో పురావస్తు పరిశోధకులు తవ్వితే వేల వస్తువులు దొరికాయి. యూరప్ సన్యాసుల ఆనవాలు మాత్రం లేదు. 19వ శతాబ్దంలో జోనథన్ పాటీ అనే ఆయన కుటుంబం ఆ కొండ మీదే కాపురముంది, దొరికినవాటిలో ఎక్కువ భాగం ఆ కాలపు ఇంటి సామానే. గాడి బండలు కూడా ఆ ప్రాంతపు రైతుల ఇళ్ళలో మామూలే. సబ్బు తయారీకి బూడిదనీళ్ళు దించడానికో, ఆపిల్ రసం పిండడానికో వాడేవారు. కొండ మీద వేల ఏళ్ళనాటి బొగ్గు దొరికిన మాట నిజం. అయితే ఆ నేల మీద స్థానిక తెగలవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు కదా! సముద్రం అవతలివాళ్ళను వెతికే తొందరలో, అక్కడే బతికినవాళ్ళను మర్చిపోవడం అన్యాయం.

రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ టవర్‌ది కూడా ఇలాంటి కథే. అది వైకింగుల (వెయ్యేళ్ళ కిందటి ఉత్తర యూరప్ సముద్రయాత్రికుల) కట్టడమని 19వ శతాబ్దంలో గట్టిగా వాదించారు. గవర్నర్ బెనెడిక్ట్ ఆర్నాల్డ్ మాత్రం 1677 నాటి వీలునామాలో దాన్ని తన రాతి గాలిమరగా రాసుకున్నాడు. గోడల సున్నాన్ని పరీక్షించినా 17వ శతాబ్దమే తేలింది.

రాళ్ళతో చిక్కేమిటంటే, రాయి ఎప్పుడు పుట్టిందో చెప్పొచ్చు గానీ దాన్ని ఎవరు, ఎప్పుడు పేర్చారో రాయిని చూసి చెప్పడం చాలా కష్టం. కొయ్య అలా కాదు.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర కొసన లాన్స్ ఓ మెడోస్ అనే చిన్న పల్లె ఉంది. 1960లో నార్వే నుంచి వచ్చిన హెల్గె ఇంగ్‌స్టాడ్‌కు, అక్కడి జార్జ్ డెకర్ గడ్డి మొలిచిన కొన్ని దిబ్బలు చూపించాడు. హెల్గె భార్య, పురావస్తు శాస్త్రవేత్త ఆన్ స్టీనె, ఏళ్ళ తరబడి తవ్వి ఎనిమిది ఇళ్ళ పునాదులు బయటపెట్టింది. రాతి కోటలేం కావు, కొయ్య చట్రానికి గడ్డితో సహా కోసిన మట్టి పెళ్ళలు పేర్చిన ఇళ్ళు. లోపల కంచు పిన్ను, కదురు బిళ్ళ, ఇనుము కరిగించిన చిట్టెం దొరికాయి. వైకింగులు వాడినవే అవన్నీ.

ఎప్పుడు వచ్చారన్నది మాత్రం 2021లో గానీ కచ్చితంగా తేలలేదు. 993 ప్రాంతంలో విశ్వకిరణాలు ఒక్కసారిగా విరుచుకుపడి వాతావరణంలో కార్బన్-14 (కార్బన్‌లో రేడియోధార్మిక రకం) పెరిగింది. చెట్టు కాండంలో ఏడాదికో వలయం ఏర్పడుతుంది, ప్రపంచమంతటా చెట్లు 993 నాటి వలయంలో ఆ గుర్తును దాచుకున్నాయి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు, లాన్స్ ఓ మెడోస్‌లో దొరికిన కొయ్యల్లో ఆ వలయాన్ని పట్టుకుని బెరడు దాకా లెక్కపెట్టారు. దాని తర్వాత 28 వలయాలు. అంటే చెట్టు నరికింది 1021లో. మూడు వేర్వేరు చెట్ల కొయ్యలూ అదే ఏడాదిని చూపించాయి. వాటి మీద లోహపు కత్తి గాట్లున్నాయి, ఆ కాలంలో అక్కడి స్థానికులకు అలాంటి పనిముట్లు లేవు. ఏడాదితో సహా ఇలా తేలడం నిజంగా అద్భుతం.

అదే చోట బటర్‌నట్ కాయలు కూడా దొరికాయి. ఆ చెట్టు న్యూఫౌండ్‌లాండ్‌లో పెరగదు, ఇంకా దక్షిణాన సెయింట్ లారెన్స్ సింధుశాఖ అవతల పెరుగుతుంది. అంటే వాళ్ళ ఓడలు అంత దూరమూ వెళ్ళొచ్చాయి. ఆ దక్షిణ తీరాన వాళ్ళు దిగిన చోటు మాత్రం ఇంతవరకూ బయటపడలేదు.