టమాటా, స్కూలు ఫీజు, రెండు రూపాయల వడ్డీ: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆర్థికవేత్తలు, మార్కెట్ యార్డు వ్యాపారులు, రిటైరైన బ్యాంకు మేనేజర్లు... ఇలాంటివాళ్లను కూర్చోబెట్టి తెలుగులో మాట్లాడించడం నా పని. ఎవరితో మాట్లాడినా చివరికి వినేవాళ్ల నుంచి వచ్చే మాటలు మాత్రం ఇవే.

అపోహ: ద్రవ్యోల్బణం తగ్గిందంటున్నారు, మరి ధరలు తగ్గలేదేం?

వాస్తవం: తగ్గింది ధర కాదు, అది పెరిగే వేగం. 2023 జులైలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం. 2024 జులైకి మూడున్నర శాతం దగ్గరికి దిగింది. అంటే 2022 జులైలో వంద రూపాయలకొచ్చిన సరుకులు మరుసటి ఏడాది 107 దాటాయి, ఆ పై ఏడాది 111 అయ్యాయి. పైగా 2023 జులైలో టమాటా మండిపోయింది. దాంతో పోల్చి చూస్తే తర్వాతి జులై చల్లగానే కనిపిస్తుంది. ఆర్థికవేత్తలు దీన్ని బేస్ ఎఫెక్ట్ అంటారు.

అపోహ: సర్కారు లెక్కలన్నీ అబద్ధం, మా ఇంటి ఖర్చు అంతకు రెండింతలు పెరిగింది.

వాస్తవం: రెండూ నిజం కావచ్చు. ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టే ధరల సూచీ అంటే దేశంలోని ఇళ్లన్నిటి ఖర్చుల సగటు. మొన్నమొన్నటి దాకా నడిచిన, 2012 ధరలతో పోల్చి లెక్కగట్టే సిరీస్‌లో తిండి, పానీయాల వాటా 45.86 శాతం, చదువుది 4.46 శాతమే. కూకట్‌పల్లిలో ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు స్కూల్లో చదివించే ఇల్లు ఒకటి అనుకోండి, ఖర్చులో పావు వంతు ఫీజులకే పోతోంది. ఫీజు 15 శాతం పెంచితే ఆ ఇంటి ఖర్చు దాదాపు 4 శాతం పెరుగుతుంది. దేశంలో అన్ని ఫీజులూ అంతే పెరిగినా సూచీ కదిలేది 0.7 శాతం లోపే. ఇంకో సంగతి, ఆ సిరీస్‌లో పల్లెల సూచీకి ఇంటి అద్దె పద్దే లేదు!

అపోహ: టమాటా కిలో రెండొందలైతే రైతు పంట పండినట్టే.

వాస్తవం: చాలామంది చేతిలో కాయ లేదు కాబట్టే ధర అంత పలికింది. ఆ సమయానికి తోటలో కాయ ఉన్న కొద్దిమంది బాగుపడ్డారు, కాదనను. మామూలు రోజుల సంగతి చూద్దాం. ఆర్‌బీఐ 2024లో వెలువరించిన ఒక పరిశోధన పత్రం ప్రకారం మనం టమాటాకి పెట్టే రూపాయిలో రైతుకి చేరేది సుమారు 33 పైసలు. ఉల్లిగడ్డకి 36, ఆలుగడ్డకి 37. మిగతాదంతా దళారులే మింగేస్తున్నారని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. కమీషన్, హమాలీ, లారీ కిరాయి ఉన్నాయి. ట్రే అడుగున నలిగిపోయిన కాయల నష్టాన్నీ చిల్లర వ్యాపారి అమ్మే ధరలోనే కలుపుకుంటాడు. దోపిడీ లేదని అనను గానీ, అదొక్కటే కాదు.

అపోహ: నిపుణుణ్ణి పిలిచారుగా, బంగారం ఎప్పుడు కొనాలో అడగొచ్చుగా?

వాస్తవం: అడుగుతూనే ఉంటా. నేను నమ్మేవాళ్లంతా తెలియదనే అంటారు.

అపోహ: రెండు రూపాయల వడ్డీ పెద్ద లెక్కేం కాదు.

వాస్తవం: నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకుల దగ్గర, ఫైనాన్స్ కంపెనీల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. లక్ష రూపాయలు, ఏడాది గడువు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ అనుకోండి. నెలకు కిస్తీ 9,333 రూపాయలు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీదే వేస్తారు కాబట్టి, నిజానికి పడేది 21 శాతం పైమాటే. సంతకం పెట్టే ముందు "ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడగండి. రెడ్యూసింగ్ అంటే ఇంకా కట్టాల్సిన అసలు మీదే వడ్డీ. ప్రామిసరీ నోటు మీద అప్పయితే అందులో రాసిన నెల వడ్డీని 12తో హెచ్చవేసుకోండి.