సాకా పెనాల్టీ వీడియో చూసి నవ్విన పిల్లలకు

పిల్లలూ,

మొన్న పండక్కి అందరూ ఇంటికి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక అరుగు మీద ఒకే ఫోన్ చుట్టూ తలలు చేర్చి మీరు పకపకా నవ్వుతుంటే ఏమిటా అని నేనూ వచ్చి వెనకాల నిలబడ్డాను. తెల్ల జెర్సీ వేసుకున్న ఫుట్‌బాల్ కుర్రాడొకడు పెనాల్టీ కొడతాడు, గోల్‌కీపర్ ఆపేస్తాడు, అంతే వీడియో. దానికి ఎవరో ఏడుపు సంగీతం ఒకటి తగిలించారు. మీరు వెనక్కి తిప్పి తిప్పి చూశారు. "ఒక్క కిక్కుతో దేశానికి కప్పు పోగొట్టాడు తాతయ్యా" అన్నాడు మీలో ఒకడు. అప్పుడేమీ అనలేదు నేను, పండగపూట మీ సరదా చెడగొట్టడం ఎందుకులే అనుకున్నాను. కానీ ఆ కుర్రాడి ఆట ఇన్నేళ్లుగా రాత్రిళ్లు మేలుకుని మరీ చూస్తున్నవాణ్ణి కదా, మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి.

అతని పేరు బుకాయో సాకా, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు. అమ్మానాన్నలది నైజీరియా, యోరుబా వాళ్లు. బుకాయో అంటే వాళ్ల భాషలో ఆనందానికి ఇంకాస్త ఆనందం చేర్చేవాడని అర్థం. పుట్టింది లండన్‌లోనే, పడమటి వైపున్న ఈలింగ్‌లో, 2001 సెప్టెంబర్ 5న. ఏడెనిమిదేళ్ల వయసులో ఆర్సెనల్ క్లబ్ వాళ్ల అకాడమీలో చేరాడు. ఆ అకాడమీ ఉండే హేల్ ఎండ్ ఏమో లండన్‌కి ఈశాన్యం మూల. అంటే ఊరికి ఆ చివర ఇల్లు, ఈ చివర మైదానం. బడి మానలేదు, పదహారేళ్లప్పుడు రాసే పరీక్షలు మంచి గ్రేడ్లతోనే పాసయ్యాడు. ఇది మీ అమ్మల కోసం రాశానని మీరు అనుకుంటారని తెలుసు, అయినా నిజం కాబట్టి రాశాను.

2018 నవంబర్‌లో, పదిహేడేళ్లకి, ఆర్సెనల్ పెద్ద జట్టులో మొదటిసారి దిగాడు. ఆ తర్వాతి జనవరి 1న ఇంగ్లండ్ పెద్ద క్లబ్బులు ఆడే ప్రీమియర్ లీగ్‌లో ఆడాడు. 2001లో పుట్టినవాళ్లలో ఆ లీగ్‌లో ఆడిన మొదటివాడు అతనే. మరుసటి సీజన్‌లో ఎడమ వైపు డిఫెండర్లు వరసగా గాయపడితే, మైదానం పక్కగీత వెంబడి దాడి చేసే ఈ వింగర్ కుర్రాణ్ణి తీసుకెళ్లి లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ వైపు డిఫెండర్‌గా, నిలబెట్టారు. గోల్ కొట్టే చోటు నుంచి గోల్ ఆపే చోటికి అన్నమాట. సణిగినట్టు ఎక్కడా కనబడలేదు, అక్కడే ఆడాడు, అక్కడినుంచే పరుగెత్తి పైకెళ్లి స్నేహితులకి గోల్స్ అందించాడు. 2020లో అతనికి క్లబ్ 7 నంబర్ జెర్సీ ఇచ్చింది.

వింగర్ పనేమిటో మీకు తెలిసే ఉంటుంది గానీ సాకా చేసే పని కొంచెం వేరు, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అతను ఆడేది కుడి గీత పక్కన. అతనిది ఎడమకాలి వాటం. పాతకాలం కుడి వింగర్ కుడికాలితో బంతి తోసుకుంటూ గీత వెంబడే పరుగెత్తి, చివరికి వెళ్లి మధ్యలోకి క్రాస్ వేసేవాడు. సాకా అలా కాదు, గీత దగ్గర బంతి అందుకుని ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం చూడాలి మీరు. బంతి ఎడమ పాదం కింద, ఒళ్లు సగం తిరిగి ఉంటుంది, ఎదురుగా డిఫెండర్ మోకాళ్లు వంచి కాచుకుని ఉంటాడు. వీడు లోపలికి వస్తాడా, బయటికి వెళ్తాడా? లోపలికి వస్తే ఎడమకాలు గోల్‌కి ఎదురుపడుతుంది, అవతలి పోస్ట్ పక్కకి వంచి కొట్టేస్తాడు. దానికి భయపడి డిఫెండర్ లోపలి దారి మూస్తే, భుజం అలా ఒకసారి కదిపి బయటినుంచి దూరిపోతాడు, కుడికాలితోనైనా బంతి మధ్యలోకి వేస్తాడు. రెండు దారులూ ఒక్కడు కాయలేడు కాబట్టి అవతలి జట్టు ఇద్దర్ని పంపుతుంది, ఒక్కోసారి ముగ్గుర్ని. అప్పుడు అతని దగ్గర్లో తోటి ఆటగాళ్లు ఓడెగార్డో, బెన్ వైటో ఖాళీగా దొరుకుతారు. అంటే సాకా బంతి ముట్టుకోకుండా కూడా పని చేస్తున్నట్టే. ఇది హైలైట్స్‌లో కనబడదు, మ్యాచ్ మొత్తం కూర్చుని చూడాల్సిందే.

ఇక ఆ రాత్రి సంగతి. 2021 జూలై 11, లండన్ వెంబ్లీ స్టేడియం, యూరో కప్ ఫైనల్, ఇంగ్లండ్‌కీ ఇటలీకీ. 1966 తర్వాత ఇంగ్లండ్ మగవాళ్ల జట్టు ఒక పెద్ద టోర్నీ ఫైనల్ చేరడం అదే మొదటిసారి, యాభై అయిదేళ్లు! ఆట 1-1 దగ్గర ఆగిపోయి పెనాల్టీలకి వచ్చింది, జట్టుకి అయిదేసి కిక్కులు. ఇంగ్లండ్ వైపు రాష్‌ఫోర్డ్ కొట్టింది పోస్ట్‌కి తగిలింది, సాంచో కొట్టింది ఇటలీ కీపర్ డొన్నరుమ్మా ఆపాడు. తర్వాత ఇటలీ జోర్జిన్యో కొట్టింది మన కీపర్ పిక్‌ఫోర్డ్ ఆపాడు (చూశారా, "మన" అనేశాను). అప్పటికి ఇటలీ కిక్కులన్నీ అయిపోయాయి, ఇటలీ 3, ఇంగ్లండ్ 2. అయిదో కిక్కుకి సాకా నడిచి వచ్చాడు. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడండి. అతను గోల్ కొట్టినా ఇంగ్లండ్ గెలిచేది కాదు, 3-3 అయ్యి పోటీ ఇంకా సాగేది, అంతే. వేస్తే కప్పు రాదు, తప్పితే మాత్రం అంతా అయిపోతుంది. అలాంటి కిక్కు అది. వయసు పందొమ్మిదేళ్లు. అంతకుముందు పెద్దల మ్యాచ్‌లో ఒక్క పెనాల్టీ కూడా కొట్టి ఎరగడు. ఎదురుగా ఉన్న కీపర్ ఆరడుగుల అయిదంగుళాల మనిషి. కీపర్ సరిగ్గా ఊహించాడు, ఆపాడు.

ఎవరు ఎన్నోవాడు కొట్టాలో నిర్ణయించింది అప్పటి ఇంగ్లండ్ కోచ్ సౌత్‌గేట్. ఆ బాధ్యత నాదేనని ఆయనే ముందుకొచ్చి చెప్పాడు. ఆ పిల్లవాణ్ణి గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషికి ఆ బాధ తెలుసు, ఎందుకంటే 1996లో ఇదే వెంబ్లీలోని పాత స్టేడియంలో, జర్మనీతో యూరో సెమీఫైనల్లో, పెనాల్టీ తప్పింది సౌత్‌గేట్‌కే.

మీరు చూసిన వీడియో అక్కడితో అయిపోతుంది. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. తప్పిన ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లు. మ్యాచ్ అయిన కాసేపటికే వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీల నిండా కోతి బొమ్మలు, ఇంట్లో చెప్పుకోలేని మాటలు. పోలీసులు కొందరిని అరెస్ట్ చేశారు కూడా. నాలుగు రోజులకి సాకా తనే ఒక సుదీర్ఘమైన లేఖ పెట్టాడు. జట్టుని నిరాశపరిచినందుకు క్షమించమన్నాడు, తనకి ఎలాంటి ద్వేషం ఎదురవబోతోందో ఆ క్షణానే తెలిసిపోయిందన్నాడు. పిల్లలూ, ఈ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పందొమ్మిదేళ్ల వాడికి, బంతి తప్పిన బాధతో పాటు అదే క్షణంలో ఇది కూడా తెలియాల్సి వచ్చింది. ఆ వీడియో కింద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లలో మీరు లేరని నాకు తెలుసు. కానీ అలా పెట్టినవాళ్లు కూడా ముందు మీలాగే నవ్వి, తర్వాతే టైప్ చేసి ఉంటారు.

మంచి కూడా జరిగింది. అభిమానులు ఉత్తరాలు రాశారు, కాగితం మీద, పెన్నుతో. చిన్నపిల్లలు రాసినవి కూడా ఉన్నాయి. సెలవుల తర్వాత అతను క్లబ్ ట్రైనింగ్ గ్రౌండ్‌కి తిరిగి వస్తే, ఆ ఉత్తరాలన్నీ ఒక గోడ నిండా అతికించి చూపించారు. ఆ ఆగస్టులో ఆర్సెనల్ బద్ధశత్రువైన టాటెన్‌హామ్ మైదానంలో ఫ్రెండ్లీ మ్యాచ్ జరిగితే, సాకా దిగుతున్నప్పుడు ఆ టాటెన్‌హామ్ అభిమానులే చప్పట్లు కొట్టారు. ఈ రెండు క్లబ్బుల పగ గురించి తెలిసినవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

సరే, చప్పట్లు కొట్టడం మన చేతిలో పని. మళ్లీ పెనాల్టీ చుక్క దగ్గరికి వెళ్లడం అతని కాళ్ల పని. వెళ్తాడా? సుమారు తొమ్మిది నెలల తర్వాత, 2022 ఏప్రిల్ 20న చెల్సీ వాళ్ల గడ్డ మీద, మ్యాచ్ ఆఖర్లో ఆర్సెనల్‌కి పెనాల్టీ వచ్చింది. అంతకుముందు వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయి ఉన్నారు. బంతి సాకా తీసుకున్నాడు, గోల్ కొట్టాడు, 4-2. మూడు రోజులకి మాంచెస్టర్ యునైటెడ్ మీద ఇంకో పెనాల్టీ, మళ్లీ అతనే, మళ్లీ గోల్. ఆ ఏడాది చివర్లో ఖతార్ వరల్డ్ కప్‌లో మూడు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత 2024 జూలై 6, జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్, యూరో క్వార్టర్ ఫైనల్. స్విట్జర్లాండ్ ముందు గోల్ కొట్టింది. 80వ నిమిషంలో సాకా కుడివైపు నుంచి లోపలికి వచ్చి, నేను పైన చెప్పానే, అదే ఎడమకాలితో దూరం నుంచి కొడితే బంతి అవతలి పోస్ట్ లోపలి అంచుకి తగిలి వలలో పడింది. మళ్లీ 1-1, మళ్లీ పెనాల్టీలు. మూడో కిక్కుకి సాకా నడిచాడు. నేనైతే లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను, టెన్షన్ తట్టుకోలేక. మీ నానమ్మ అరిచి చెప్పింది, వేశాడని. ఆ రోజు ఇంగ్లండ్ అయిదుగురూ వేశారు, గెలిచారు. ఫైనల్లో స్పెయిన్ చేతిలో ఓడిపోయారు, అది వేరే సంగతి.

అతనికి అన్నీ కలిసొచ్చాయని అనుకోకండి. ఆర్సెనల్‌తో 2023, 2024, 2025 మూడేళ్లూ లీగ్‌లో రెండో స్థానమే దక్కింది. 2022-23లో లీగ్‌లోనే 14 గోల్స్ కొట్టి, 11 అందించి, ఆ ఏటి ఉత్తమ యువ ఆటగాడి అవార్డు తెచ్చుకున్నా సరే. విశ్రాంతి లేకుండా 87 లీగ్ మ్యాచ్‌లు వరసగా ఆడాడు, అది క్లబ్ రికార్డు. రికార్డని అందరూ మెచ్చుకున్నారు గానీ, అంతలా ఆడించడం నాకు నచ్చలేదు, ఒళ్లు ఇనుముతో చేసింది కాదు కదా. ప్రతి మ్యాచ్‌లోనూ డిఫెండర్లు అతని చీలమండల మీద తంతూనే ఉంటారు. చివరికి 2024 డిసెంబర్‌లో తొడ వెనక కండరం దెబ్బతింది, ఆపరేషన్ అయ్యింది, మూడు నెలలు దాటి ఇంట్లో కూర్చున్నాడు. 2025 ఏప్రిల్ 1న ఫుల్‌హామ్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. స్టేడియమంతా లేచి నిలబడింది. ఏడు నిమిషాల్లో తలతో గోల్. కొట్టగానే నేరుగా పరుగెత్తింది ఎక్కడికో తెలుసా, తనని ఇన్నాళ్లూ కోలుకునేలా చేసిన ఫిజియో దగ్గరికి. వెళ్లి వాటేసుకున్నాడు.

పదిహేను రోజులకి మాడ్రిడ్, బెర్నబ్యూ స్టేడియం, యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌తో క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్. మొదటిది ఆర్సెనల్ 3-0తో గెలిచి ఉంది. 13వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది. బంతి సాకా తీసుకున్నాడు. గట్టిగా కొట్టకుండా, కీపర్ పక్కకి పడిపోతాడని నమ్మి, మధ్యలోకి నెమ్మదిగా ఎత్తి వేశాడు. రియల్ మాడ్రిడ్ కీపర్ కూర్త్వా పసిగట్టి ఆపేశాడు. స్టేడియం ఎలా ఊగిపోయిందో చెప్పలేను. అక్కడినుంచి అతను బంతి ముట్టుకున్నప్పుడల్లా ఈలలే. 65వ నిమిషంలో తోటి ఆటగాడు మెరీనో ముందుకి పాస్ వేశాడు, సాకా పరుగెత్తి అందుకున్నాడు, మళ్లీ ఎదురుగా అదే కూర్త్వా. ఈసారి కూడా గట్టిగా కొట్టలేదు. అదే ఎడమకాలితో, అలాగే నెమ్మదిగా, కీపర్ మీదుగా ఎత్తి వేశాడు. బంతి లోపలికి వెళ్లింది. ఆర్సెనల్ 2-1తో గెలిచి 2009 తర్వాత మొదటిసారి సెమీఫైనల్ చేరింది.

ఆ మ్యాచ్ మీ బాబాయి చేత నా టీవీలో పెట్టించి ఉంచుతాను. ఈసారి వచ్చినప్పుడు కలిసి చూద్దాం. గోల్స్ మీరు ఫోన్‌లో ఎలాగూ చూస్తారు కాబట్టి, నాతో కూర్చున్నప్పుడు 13వ నిమిషానికీ 65వ నిమిషానికీ మధ్య అతను ఎన్నిసార్లు చెయ్యెత్తి బంతి అడిగాడో లెక్కపెట్టండి. కాగితం, పెన్సిల్ నేను తెచ్చి పెడతాను.

మీ తాతయ్య